గడ్డ ఎంతుందని కాదు, ఎక్కడుందని

జహీరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో కామెర్లొస్తే ముందు పసరు మందు, అది పని చేయకపోతేనే డాక్టరు. ఝరాసంగం వైపు నుంచి వచ్చిన ఒక అల్లం రైతు కూడా పసరు తాగాకే నా దగ్గరికొచ్చాడు. నొప్పి లేదు, జ్వరం లేదు. ఒళ్లంతా దురద, సున్నం రంగు విరేచనం, నడుము మీద నిలవని పంచె. షుగర్ కొత్తగా బయటపడింది. నొప్పి లేని కామెర్లంటేనే నాకు భయం. అల్ట్రాసౌండ్‌లో పిత్తనాళం ఉబ్బి ఉంది, క్లోమం తల దగ్గర చిన్న గడ్డ.

"గడ్డే కద సారూ, కోసి తీస్తే అయిపోదా? మల్ల గిన్ని స్కానింగులెందుకు?" అన్నాడు కొడుకు.

అడగాల్సిన ప్రశ్నే. క్లోమం వెనకే పేగులకు రక్తం తీసుకెళ్లే ధమని, కాలేయానికి వెళ్లే పోర్టల్ సిర ఉంటాయి. గడ్డ సిరను పట్టినా ఒక్కోసారి ఆ ముక్క తీసేసి మళ్లీ కుట్టగలరు. ధమనిని 180 డిగ్రీలు దాటి చుట్టేస్తే మాత్రం మొదటే కత్తి పట్టరు, కీమో మొదలుపెడతారు. కాలేయానికి పాకితే ఇక కోసి లాభం లేదు.

ఇది తేల్చడానికి మామూలు సీటీ చాలదు. రంగు మందు ఎక్కించి ధమనుల దశలో ఒకసారి, సిరల దశలో ఒకసారి, పల్చటి ముక్కలుగా తీయాలి. అదీ పిత్తం దిగడానికి నాళంలో పెట్టే గొట్టం, అంటే స్టెంట్, వేయకముందే. వేశాక వచ్చే వాపులో గడ్డ హద్దులు మసకబారతాయి. చలిజ్వరం ఉంటే సంగతి వేరు, అప్పుడు పిత్తం దింపడమే ముందు. కామెర్లు తగ్గించే తొందరలో ఈ వరుస తప్పిన కేసులు చాలా చూశాను. క్యాన్సర్ అనుమానంతో చేయించే సీఏ 19-9 రక్తపరీక్ష రిపోర్టు చూసి ఏడ్చేవాళ్లూ ఉంటారు. పిత్తం అడ్డుపడితే క్యాన్సర్ లేకున్నా అది పెరుగుతుంది.

రైతుకు సీటీలో కాలేయం మీద ఏ మచ్చా కనపడలేదు. హైదరాబాద్‌లో సర్జన్ పొట్ట కోసే ముందు లాప్రోస్కోప్ పెట్టి చూస్తే కాలేయం మీద నూకల్లాంటి గింజలు. అక్కడితో ఆపేశారు. స్టెంట్ వేశారు, దురద పోయింది, కీమో మొదలైంది. పొట్ట కోయలేదని కొడుక్కి కోపం. నా లెక్కలో పెద్దాయనకు జరిగిన మేలే అది. ఇదే జబ్బుతో వచ్చిన కోహీర్ టీచరమ్మ ఒకావిడ గడ్డ ఇంతకు రెట్టింపు. అయినా రక్తనాళాలకు దూరంగా ఉంది. 1935లో సర్జన్ అలెన్ విపుల్ ప్రచురించిన, క్లోమం తల తీసేసే ఆపరేషన్ నేటి రూపంలో ఆమెకు చేశారు.

మీ ఇంట్లో నొప్పి లేని కామెర్లు కనిపిస్తే పసరు జోలికి పోకండి. స్టెంట్ మాట రాగానే డాక్టర్ని ఒక్కటి అడగండి: "సీటీ ముందే తీస్తున్నారా?"