న్యూయార్కున నొక నేలమాళిగ గానసభ

న్యూయార్కు మహానగరమున గ్రీనిచ్ విలేజ్ అను పేట యొకటి కలదు. పేరునకు పల్లెయే గాని పల్లె లక్షణ మొక్కటియు లేదు. తక్కిన నగరమున వీధులు చదరంగపు గళ్లవలె తిన్నగా నుండగా, నిచ్చట నవి వంకరటింకరగా నొకదాని నొకటి ఖండించుకొని పోవును. అట్టి వీధుల నడుమ సెవెంత్ ఎవెన్యూ సౌత్‌లో 178వ సంఖ్యగల కట్టడము క్రింద విలేజ్ వాన్‌గార్డ్ అను సంగీతశాల 1935 మొదలుకొని నడచుచున్నది.

వేసవి సెలవులలో మేము పోయినపుడు, నాకు మొట్టమొదట జూపవలెనని మా తమ్ము డెంచినది మిన్నుముట్టు మేడలను గాదు, ఈ నేలమాళిగను. "అక్కయ్యా, మృదంగమునకై రాత్రియెల్ల మేలుకొనుదానవు గదా, వీరి డ్రమ్ము నొకమాఱు వినుము" అనెను. మద్యము లభించు చోటికి కుటుంబస్త్రీ పోవచ్చునా యని మావారు కొంత తటపటాయించిరి. నారింజరసము పుచ్చుకొని కూర్చుండువా రచ్చట ననేకులని తమ్ముడు చెప్పినమీదట సమ్మతించిరి.

ఎఱ్ఱని తలుపు, లోపల పదునైదు మెట్లు. దిగినంతనే ముక్కోణపు గది, దాని యిఱుకు కొనయందు చిన్న వేదిక. నూట యిరువదిముగ్గురకు మాత్రమే తావు. గోడలనిండ పూర్వవిద్వాంసుల ఛాయాపటములు. కచేరి సాగుచుండగా మాటలాడరాదు, ఫోను వెలికి దీయరాదు. సన్నాయి మేళము నెదుట గూర్చుండి బంగారము ధర చర్చించు మనబోంట్ల కీ నియమము కొంత కష్టమే సుమీ! వంటయిల్లని పేరుగల గది యొకటి యున్నది గాని యందు వంట లేదు. విద్వాంసులు విశ్రమించుటయు, శాల లెక్కలు చూచుకొనుటయు నందే.

సోదరీమణులు తెలిసికొనదగిన కథ యొకటి యీ శాలకు గలదు. స్థాపకుడగు మాక్స్ గార్డన్ 1989 మే నెలలో గతించెను. ఆయన భార్య లొరెయిన్ గార్డనున కప్పటి కఱువదియాఱేండ్లు. ఆమె శాల నొక్క రాత్రి మూసి, మఱునాడు తానే తెఱచి, 2018లో తన తొంబదియైదవ యేట మరణించువఱకు నడిపెను. సంగీత మామెకు క్రొత్తదిగాదు. థెలోనియస్ మాంక్ అను పియానో విద్వాంసు నెవ్వరు నెఱుగని 1940ల నాడే యాతని పలకలను కొట్టుకొట్టునకు మోసికొనిపోయి కొనుడని బ్రతిమాలినది. ఆమె తరువాత కూతురు డెబొరా చేపట్టెను. భర్త పోయిన స్త్రీకి మూలగదియే గతియని తలంచు నిండ్లు మనలో నింకను లేకపోలేదు గనుక నింత వ్రాసితిని.

ఇక డ్రమ్ము మాట. ఆఫ్రికానుండి బానిసలుగా గొనిరాబడినవారి సంతతి కల్పించిన సంగీతము జాజ్. 1739లో దక్షిణ కరొలైనాలో బానిసలు తిరుగబడి డ్రమ్ములు మ్రోగించుచు నడచిరి. మఱుసటి యేడు వెలువడిన శాసనము వారికి డ్రమ్మును నిషేధించినది. చేతినుండి లాగివేయబడిన యా వాద్యమే నేడు వారి సంగీతమునకు వెన్నెముక. మనకు మృదంగ మొకటి, ఘట మొకటి, వాయించువారు వేఱువేఱు. వీరి కన్నియు నొక్కనివే. 1909లో లడ్విగ్ సోదరులు వేగముగా నాడు కాలిమీట నమ్మజొచ్చినది మొదలు పెద్దడోలును గుడికాలే మ్రోగించును. ఎడమకాలు జంటతాళములను మూయును. చేతులు రెండును డోళ్లమీదను, వ్రేలాడు పళ్లెములమీదను సంచరించును. ఆ పళ్లెములు రాగియు తగరమును గలసిన లోహము, అనగా మన కంచే. వానిని జేయుటలో ప్రసిద్ధులగు జిల్జియన్ వంశమువారు 1623లో కాన్‌స్టాంటినోపిలున నారంభించిన ఆర్మీనియనులు.

ఆ రాత్రి త్రయమునకు నాయకుడు డ్రమ్ము వాయించు వృద్ధుడు, డెబ్బది దాటినవాడు. ప్రక్కనున్న పియానో వాద్యకారుడును, నిలువెత్తు బాస్ పట్టినవాడును మనుమలవలె నుండిరి. మొదటి పాటకు కఱ్ఱలు ముట్టక, తీగలతో నల్లిన కుంచెలను చేకొని డోలుపై వలయములుగా రాయజొచ్చెను. చేటతో బియ్యము చెఱుగునపుడు పుట్టు సవ్వడి యెఱుగుదురు గదా, సరిగా నదియే! ఆ సవ్వడిమీద పియానో నడచినది.

పాటలలో ననేకము ముప్పదిరెండావర్తనముల చుట్టు, ఆవర్తనమునకు నాలుగు లెక్కలు. నడుమ పియానో నాలుగావర్తనములు పలికించిన నితడు నాలుగింట బదులుచెప్పును. మన తనియావర్తనమున మృదంగమును ఘటమును సంభాషించుకొను రీతి గుర్తునకు వచ్చినది. అయితే మనలో నొకరు చేతితో తాళము వేయుచుందురు. ఇచ్చట వేయువాడు లేడు. లెక్క మువ్వుర మనస్సులలోనే నడచును.

మా పెదనాన్నగారు మృదంగవిద్వాంసులు. చేయి వణకజొచ్చిన దినమున వాద్యమునకు గుడ్డకప్పి మూల నిలిపిరి. ఎవ్వరెంత వేడినను మరల ముట్టలేదు. అది పౌరుషమని మా యింట నందఱు మెచ్చుకొందురు. ఈ వృద్ధుని కుడిచేయియు త్వరితగతియం దలసినది, నేను గమనించితిని. ఆయన పరువులెత్తుట మాని, నాలుగు దెబ్బలుండవలసిన చోట నొక్కటి వేసి తక్కిన మూటిని మనకు వదలిపెట్టెను. ఆ శూన్యములో బాసువాడు తల యెత్తి యాయనవంక చూచి చిఱునవ్వు నవ్వినాడు. పెదనాన్నగా రీ మార్గ మెఱిగియుండిన నింక పదేండ్లు వినియుందుము గదా యని నాకు కన్నులు చెమర్చినవి.

ఈ వేదికమీదనే 1961 జూన్ 25వ తేది ఆదివారమున బిల్ ఎవాన్స్ త్రయము వాయించినది. ఆనాటి పలకలలో గ్లాసుల చప్పుడు సైతము వినవచ్చును. పదునొకండు దినములకు బాస్ వాయించిన స్కాట్ లాఫారో యిరువదియైదేండ్ల ప్రాయమున మోటారు ప్రమాదమున మరణించెను. డ్రమ్ము వాయించిన పాల్ మోషన్ మాత్ర మేబదేండ్ల పిమ్మట, 2011 సెప్టెంబరులో, తాను బోవుటకు రెండు నెలల ముందుగూడ నిచ్చటనే వాయించెను.

కడపటి పాట చివర వృద్ధుడు పెద్ద పళ్లెము నొకమాఱు తాకి చేయి తీసివేసెను. కంచుమ్రోత సన్నగిలి సన్నగిలి యడగువఱకు చప్పట్లు లేవు.

మేము లేచి పోవుచుండగా వంటయింటి తలుపు తెఱచియుండెను. ఆయన చేతులమీద తువాలు కప్పుకొని కుర్చీలో గూర్చుండియుండెను. పదిగంటలకు రెండవ కచేరి. వెనుకకు దిరిగి చూతును గదా, మావారు రాలేదు. ద్వారమువద్ద నిలిచి దానికిని చీట్లు దొరకునా యని యడుగుచుండిరి. దొరకలేదు.