హడర్స్‌ఫీల్డ్ సైక్స్‌లు

ఇంగ్లాండులో హడర్స్‌ఫీల్డ్ చుట్టుపక్కల సైక్స్ ఇంటిపేరువాళ్లు కొల్లలు. అందరూ దాయాదులేనా? 2000లో ఆక్స్‌ఫర్డ్ జన్యుశాస్త్రవేత్త బ్రయన్ సైక్స్ (ఆయనదీ అదే ఇంటిపేరు మరి!) ఆ పేరున్న 48 మంది మగవాళ్లలో, తండ్రి నుంచి కొడుక్కి అందే వై క్రోమోజోమ్‌ను పరిశీలించిన ఫలితాలు వచ్చాయి. దాదాపు సగం మందిది ఒకే నమూనా. మూలపురుషుడు ఒక్కడే అయ్యుంటాడని ఆయన వాదన.

నాకైతే మిగతా సగం మీదే ఆసక్తి. దత్తతలు, తల్లి ఇంటిపేరుతో పెరిగిన పిల్లలు, బయటికి చెప్పుకోని వ్యవహారాలు... చర్చి రిజిస్టర్లు రాయమని 1538లోనే ఆజ్ఞ వేశారు గానీ, అందులోకెక్కేది చెప్పిన తండ్రి పేరే కదా! పైగా ఏ ఇంట చూసినా జాన్, విలియం. 1841 జనాభా లెక్కల్లో 15 దాటినవాళ్ల వయసును అయిదు గుణిజానికి తగ్గించి రాశారు. ఏ జాన్ ఎవరి కొడుకో తేలాలంటే పాత వీలునామాలు తిరగెయ్యాల్సిందే. ఎవరికి ఎంత ఎగ్గొట్టారో కూడా అక్కడే తెలుస్తుంది.