తొలిపావంచా

కొండ మీది దేవుడి వద్దకు వెళ్లే మెట్ల దారిలో మొట్టమొదటి మెట్టును మా గోదావరి ప్రాంతంలో తొలిపావంచా అంటారు. అన్నవరంలో రత్నగిరి ఎక్కేవారు అక్కడ పసుపు కుంకుమలు పెట్టి, కర్పూరం వెలిగించి, ఆ తరువాతనే పాదం మోపుతారు. ఘాట్ రోడ్డు మీదుగా వాహనాలు తిన్నగా పైకి పోతున్న ఈ రోజులలో ఆ మెట్టును చూడని భక్తులే ఎక్కువ. మా అమ్మ మాత్రం కార్తీకమాసంలో మెట్లెక్కే వెళ్లాలని పట్టుపట్టేది. ఆమెకు వార్ధక్యం వచ్చిన తీరు నాకు సంవత్సరాలతో కాక ఆ మెట్లతోనే జ్ఞాపకం.

నా చిన్నతనంలో వ్రతసామగ్రి బుట్ట చంకన పెట్టుకుని మా అందరికంటె ముందు ఎక్కేది. 1990 నాటికి మధ్యలో మూడు నాలుగు చోట్ల ఆగవలసి వచ్చింది. ఆగినప్పుడల్లా కొంగుతో ముఖం తుడుచుకుంటూ, కింద పంపానది ఎంత చక్కగా కనిపిస్తున్నదో చూడమనేది. 1993 కార్తీకంలో తొలిపావంచా వద్దనే కూర్చుండిపోయింది. “మీరు వెళ్లిరండి, నాకు కాస్త ప్రసాదం తెచ్చిపెట్టండి” అన్నది. తెచ్చిన ప్రసాదాన్ని విస్తరాకుతో సహా కళ్లకద్దుకుని తిన్నది. ఎందుకు ఎక్కలేకపోయిందని మాలో ఒక్కరూ అడగలేదు. “అక్కయ్య పెద్దదయిపోయింది” అన్నాడు మా మేనమామ. ఆ మాటతో అందరికీ సమాధానం దొరికింది.

ఆ తరువాత సంక్రాంతికి, అంటే 1994 జనవరిలో, ఆమెను ఢిల్లీ తీసుకువెళ్లాను. అప్పట్లో నేను కేంద్ర ప్రభుత్వంలో సెక్షన్ ఆఫీసరుని. రామకృష్ణపురంలో రెండో అంతస్తులో క్వార్టరు. అమ్మ ఒక్కొక్క మలుపు దగ్గర నిలబడి, ఇరుగుపొరుగువారు కుండీలలో పెంచుకుంటున్న మొక్కలను పరిశీలించేది. ఇది మల్లె అవునా, కాదా అని తర్కించేది. మొక్కల మీద ఆమెకు అంత ఆసక్తి ఎప్పటినుంచి వచ్చిందో అని నేను నవ్వుకున్నాను. ఆమె ఊపిరి కూడదీసుకుంటున్నదని కనిపెట్టింది నా భార్య. “అత్తయ్యగారికి ఆయాసం వస్తోందండీ, ఒకసారి డాక్టరుకు చూపిద్దాం” అన్నది. “అరవై అయిదేళ్లు వచ్చాయి, ఆయాసం రాక ఏం చేస్తుంది?” అన్నాను. ఆ రోజు నా ముందు ఒక పార్లమెంటు ప్రశ్నకు సంబంధించిన ఫైలున్నది. లోపలి గదిలోనుంచి అమ్మ కూడా నాకే వత్తాసు పలికింది: “నాకేం రోగం! వయసురా అబ్బాయ్.”

మా ఇంటికి దగ్గరలోనే గుట్ట మీద మలైమందిర్ ఉన్నది. తమిళులు కట్టుకున్న కుమారస్వామి ఆలయమయినా ఢిల్లీలోని దక్షిణాదివారందరికీ అది స్వంత గుడి. అమ్మ అక్కడి కొద్దిపాటి మెట్ల మీద కూడా కూర్చున్నది. దేశంలో అతిపెద్ద ఆసుపత్రులలో ఒకటయిన అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ ఆ మెట్లకు బస్సులో పావుగంట దూరం. నలభై రోజులు నా ఇంట ఉండి, ఒక్కసారి కూడా ఆ పావుగంట ప్రయాణం చేయకుండా ఆమె ఊరికి తిరిగి వెళ్లింది.

అదే సంవత్సరం ఆగస్టు 3న ఆ సంస్థలో డాక్టర్ వేణుగోపాల్ బృందం భారతదేశంలో మొదటిసారి విజయవంతంగా గుండెమార్పిడి చేసింది. ఆ వార్తను బస్సులో నిలబడి చదివి, పొంగిపోయి అమ్మకు ఉత్తరం రాశాను. తమ్ముడి చేత జవాబు రాయించింది. గుండె మారిన మనిషి భార్యాపిల్లలను పాత గుండెతో ప్రేమించినట్లే ప్రేమిస్తాడా అని అడిగింది. ఆ చమత్కారాన్ని ఆఫీసులో నలుగురికీ చెప్పి మురిసిపోయాను. ఉత్తరం చివర ‘రాత్రిళ్లు రెండు తలగడలు పెట్టుకుంటే గాని నిద్ర పట్టడం లేదు’ అని ఒక వాక్యమున్నది. దాన్ని చదివాను గాని, చదవలేదు.

1996 ఫిబ్రవరిలో నూతి దగ్గరనుంచి ఇంట్లోకి వస్తూ అమ్మ స్పృహతప్పి పడింది. తమ్ముడు పట్నం తీసుకువెళ్లాడు. అక్కడి డాక్టరు స్టెతస్కోపు పెట్టి కొంతసేపు విని, గుండెలోని కవాటం గట్టిపడిపోయిందని, పెద్ద ఆసుపత్రికి తరలించమని ఉత్తరం రాసి ఇచ్చాడు. రైలు టిక్కెట్లు రిజర్వు చేయించాం. ప్రయాణానికి నాలుగు రోజుల ముందు, తెల్లవారుజామున, ఆమె వెళ్లిపోయింది.

ఆపదలో ఉన్నవారిని గుండె రాయి చేసుకొమ్మంటాం. అమ్మ విషయంలో ఆ మాట దాదాపు అక్షరాలా నిజమయిందని తరువాత తెలుసుకున్నాను. గుండె నుంచి రక్తం శరీరానికంతటికీ బయలుదేరేచోట, బృహద్ధమని మొదట్లో, ఒక కవాటం ఉంటుంది. పలుచని మూడు రేకులు. రోజుకు సుమారు లక్షసార్లు విచ్చుకుని మూసుకుంటాయి. కొందరిలో ఏళ్లు గడిచినకొద్దీ ఆ రేకుల మీద కాల్షియం పేరుకుని, అవి బిరుసెక్కుతాయి. (అమ్మ తాంబూలంలో సున్నం ఎక్కువ వేసుకోవడం వల్లనే ఇలా అయిందని మా పొరుగావిడ తీర్మానించింది. ఆ సున్నానికీ ఈ కాల్షియానికీ ఏ సంబంధమూ లేదు.) ఆరోగ్యవంతులలో మూడు నాలుగు చదరపు సెంటీమీటర్లుండే ద్వారం ఒక చదరపు సెంటీమీటరుకు లోపుగా కుంచించుకుపోతే వ్యాధి ముదిరినట్లు లెక్క. అంతవరకూ గుండె ఊరుకోదు. కండరాన్ని మందం చేసుకుని, ఆ ఇరుకు సందులోనుంచే రక్తాన్ని నెట్టుకొస్తుంది. ఆ ఓర్పు తీరినప్పుడే ఆయాసం, ఛాతీలో బిగువు, స్పృహ తప్పడం బయటపడతాయి. గుండె నీరసించిన లక్షణాలు కనిపించిన తరువాత, శస్త్రచికిత్స జరగకపోతే, మిగిలే ఆయుష్షు సగటున రెండు సంవత్సరాలని 1968లోనే రాస్, బ్రాన్‌వాల్డ్ అనే అమెరికన్ వైద్యులు రాశారు. 1994 జనవరి నుంచి 1996 ఫిబ్రవరికి ఎంతో వేళ్ల మీద లెక్కపెట్టుకోకుండా ఉండలేకపోయాను.

చికిత్స లేని కాలమా అంటే, అదీ కాదు. పాడయిన కవాటం తీసి కృత్రిమ కవాటం అమర్చడం 1960 నుంచీ ఉన్నది. తిరువనంతపురంలోని శ్రీచిత్ర తిరునాళ్ సంస్థలో డాక్టర్ వలియత్తాన్ నాయకత్వాన రూపొందిన స్వదేశీ కవాటాన్ని 1990 డిసెంబరులోనే మొదటిసారి ఒక రోగికి అమర్చారు. ఆ వార్తకు గర్వించిన ప్రభుత్వోద్యోగులలో నేనూ ఒకడిని. వ్యాధిని పసిగట్టడానికి పెద్ద యంత్రాలు కూడా అక్కరలేదు. ఇరుకుదారిన రక్తం దూసుకుపోయేటప్పుడు ఒక గరగర శబ్దం పుడుతుంది. 1816లో పారిస్‌లో లేనెక్ అనే వైద్యుడు ఒక యువతి ఛాతీ మీద చెవి ఆనించడానికి మొగమాటపడి, కాగితాన్ని గొట్టంలా చుట్టి గుండె చప్పుడు విన్నాడు. స్టెతస్కోపు పుట్టింది ఆ మొగమాటంలోనుంచే. అమ్మకు కావలసినది ఆ గొట్టం, ఒక నిమిషం నిశ్శబ్దం, అవసరమని గుర్తించే ఒక కొడుకు.

వయసుకు దాని పనులు దానికున్నాయి, కాదనను. ధమనులు సాగే గుణం కోల్పోతాయి గనుక రక్తపోటులో పై అంకె పెరుగుతుంది. ప్రతి స్పందన తరువాతా గుండె సడలడానికి కొంచెం ఎక్కువ సమయం తీసుకుంటుంది. పరుగెత్తినప్పుడు యువకుడి గుండె అందుకునే వేగాన్ని ముసలి గుండె అందుకోలేదు. కాళ్ల కండరాలు తగ్గుతాయి. డెబ్బయ్యేళ్లవాడు ఇరవయ్యేళ్లవాడితో సమంగా కొండ ఎక్కలేకపోవడం రోగం కాదు. కాని నిరుడు ఎక్కిన మెట్లు ఈ ఏడు ఎక్కలేకపోవడం, తలగడలు ఒకటికి రెండు కావడం, సాయంత్రానికి పాదాలు ఉబ్బడం, నడుస్తూ కళ్లు చీకట్లు కమ్మడం – వీటిని కూడా వయసు ఖాతాలోనే జమకట్టాం. ఆఫీసులో కారణం చూపకుండా ఫైలు మూసిన గుమాస్తాకు మెమో ఇచ్చేవాడిని. ఇంట్లో నేను చేసినది అదే.

2021లో నా కంటి శుక్లాలకు ఆపరేషన్ నిశ్చయమయింది. అంతకుముందు చేసే పరీక్షలలో భాగంగా ఒక యువవైద్యురాలు నా ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి, ఉండవలసిన దానికంటె ఎక్కువసేపు ఉంచింది. “అంకుల్, మెట్లెక్కితే ఆయాసం వస్తుందా?” అన్నది. “ఈ వయసులో…” అని మొదలుపెట్టి, నా మాట నాకే వినిపించి ఆగిపోయాను. ఎకో పరీక్షలో తేలిందేమంటే, నా కవాటానికి పుట్టుకతోనే మూడింటికి బదులు రెండే రేకులున్నాయి. నూటికి ఒకరిద్దరు అలా పుడతారట. అటువంటి కవాటం తక్కినవారికంటె ముందుగా బిరుసెక్కుతుంది. అది వంశపారంపర్యంగా కూడా వస్తుంది. మా అమ్మకూ అదే ఉండి ఉండవచ్చునన్నారు. నా ద్వారం వైశాల్యం 1.4 చదరపు సెంటీమీటర్లు. ఆ బిరుసును ఆపే మందు లేదు గనుక ఏటేటా కొలవడమే పని. అవసరమైన నాడు ఛాతీ తెరవకుండా, రక్తనాళం గుండా కొత్త కవాటాన్ని పంపి అమర్చవచ్చు. ఆ పద్ధతిని 2002లో ఫ్రాన్సులోని రువాన్ నగరంలో డాక్టర్ క్రిబియే మొదటిసారి మనిషికి చేసి చూపారు. ఇప్పుడది మన నగరాలలోనూ జరుగుతున్నది. ఖర్చు మాత్రం మధ్యతరగతివాడి గుండె ఆగేటంత.

తోబుట్టువులు కూడా పరీక్ష చేయించుకోవాలని చెప్పారు. తమ్ముడు వెంటనే చేయించుకున్నాడు, ఏమీ లేదు. రాజమండ్రిలో ఉన్న చెల్లెలికి మూడేళ్లు చెప్పాను. ఫోనులో ప్రతిసారీ ఒకటే జవాబు: “నాకేం రోగం అన్నయ్యా, వయసు!” గొంతు కూడా అమ్మదే.

2024 కార్తీకంలో అందరం అన్నవరం వెళ్లాం. పిల్లలు మెట్ల దారినే ఎక్కుదామన్నారు. చెల్లెలు తొలిపావంచాకు పసుపు రాసి, బొట్టు పెట్టి, పక్కనున్న గట్టు మీద చీర సర్దుకుని కూర్చున్నది. “మీరు వెళ్లిరండి అన్నయ్యా. నాకు ప్రసాదం తెచ్చిపెడుదురు గాని” అన్నది. పిల్లలు అప్పటికే పదిమెట్లు పైకి వెళ్లారు.

నేను వెళ్లలేదు. ఆమె పక్కనే కూర్చుని, నా చివరి ఎకో రిపోర్టును చేతికిచ్చాను. అంకెలు చదివి మడిచి ఇచ్చేసింది. తరువాత అమ్మ కుండీలలోని మొక్కలు చూసిన సంగతి చెప్పాను. ముప్ఫై ఏళ్లలో ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకు చెప్పనక్కరలేదు, ఆమెకు తెలుసు. చెల్లెలు చాలాసేపు పంపానది వైపు చూస్తూ ఉండిపోయింది. “రాత్రిళ్లు నాకు మూడు తలగడలు” అన్నది చివరికి.

డ్రైవరును పిలిచి కారును కాకినాడ వైపు తిప్పమన్నాను. ప్రసాదం సంగతి ఏమిటని దారిలో రెండుసార్లు అడిగింది.