ముందు మన అక్షరం

మా ఆశ్రమ పాఠశాల కంప్యూటర్ ఎప్పుడు ఆన్ చేసినా ఇంగ్లీషు కీబోర్డే వచ్చేది. విండోస్ మీట, స్పేస్ మీట కలిపి నొక్కితే తెలుగు వచ్చేది. మర్నాటికి మళ్లీ ఇంగ్లీషే. పిల్లలు గోండి మాటల్ని కూడా ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టేవారు. నేనూ ఊరుకున్నాను.

ఒకరోజు ఐదో తరగతి పాప అంది: “సార్, మా అమ్మకు తెలుగు అక్షరాలే వచ్చు. ఇది చదవలేదు.”

ఆ సాయంత్రమే సెట్టింగ్స్‌లో తెలుగు ఇన్‌స్క్రిప్ట్‌ను డిఫాల్ట్‌గా పెట్టాను. రెండు నిమిషాల పని. మర్నాడు ఆ పాప ‘ఏర్’ అని కొట్టింది. గోండిలో ఏర్ అంటే నీళ్లు.

గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. ఆ కీబోర్డూ మా బడికి రావాలి. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ బడి కంప్యూటర్‌లో ముందు ఏ అక్షరం పడుతుందో ఒకసారి చూడండి.