తన పేరిట నొక పుస్తకము

కోలారు గనుల ప్రాంతపు తెలుగిండ్లలో ధనమునకు రెండు చోట్లు ఉండెడివి. మగవారి జీతము చొక్కా జేబులోనో, పోస్టాఫీసు పుస్తకములోనో ఉండెడిది. ఆడువారి డబ్బు పోపుల డబ్బాలోనో, బియ్యపు కుండ అడుగుననో ఉండెడిది. మొదటిది ఊరందరికిని తెలియును. రెండవది దాచినవారికే తెలియును.

మాది బంగారుపేట నుండి కుప్పము పోవు రైలుదారిలోని కామసముద్రము. మా తల్లి ఒక్కనాడును జీతమునకు పనిచేసి యెరుగదు. ఇంటి పాడిలో మిగిలిన పాలమ్మిన డబ్బును, పుట్టింటివారు పండుగలకు చేతిలో పెట్టినదియు కూడబెట్టుకొనెడిది. 2016 నవంబరు 8వ తేదీ రాత్రి 500, 1000 రూపాయల నోట్లు చెల్లవని ప్రకటించిరి. మరునాడు ఆమె రాగుల డబ్బా నుండి ఒక గుడ్డమూట తీసి నా ముందు పెట్టెను. "ఇది మీ నాయనకు కూడా తెలియదు, నాయనా" అని తల వంచుకొనెను. తన సొమ్మును తాను దాచుకొనినందుకు ఎనుబదియేండ్ల ముసలమ్మ దొంగవలె సిగ్గుపడెను!

ఆ నోట్లు జమకట్టుటకై ఆమెకు తొలిసారి ఖాతా తెరపించితిని. బ్రతుకంతయు గుమాస్తాగా పరుల కాగితములు వ్రాసినవాడను గనుక దరఖాస్తును నేనే పూరించితిని. "వృత్తి" అను చోట "ఏమియు లేదు" అని వ్రాసి చదివి వినిపించితిని. "అట్లనా?" అని మాత్రము ఆమె అనెను. ఆ మాట నేటికిని నన్ను ములుకువలె పొడుచుచున్నది.

ప్రపంచ బ్యాంకు లెక్కల ప్రకారము 2011లో మన దేశమున నూటికి 35 మంది పెద్దలకే ఖాతాలుండెను. 2017 నాటికి 80 మందికి కలిగెను. 2014 ఆగస్టు 28న ఆరంభమైన జనధన యోజన ఇందుకు ముఖ్య కారణము. ఆ ఖాతాలలో సగమునకు పైగా స్త్రీలవే. ఇది సామాన్యమైన మార్పు కాదు. అయినను 2021 నాటి లెక్కలలో, ఖాతా ఉన్నవారిలో సుమారు మూడవ వంతు మంది ఏడాది పొడుగునను దానిని వాడనేలేదు. పుస్తకము ఎవరి పేరిట ఉన్నదనుట ఒకటి, ఎవరి చేతిలో ఉన్నదనుట వేరొకటి.

ఇది నాకు ఇంటిలోనే తెలిసివచ్చెను. 2023 ఆగస్టులో కర్ణాటక ప్రభుత్వము గృహలక్ష్మి పథకము ప్రారంభించి, ఇంటి యజమానురాలికి నెలకు 2,000 రూపాయల చొప్పున ఇయ్యసాగెను. నా భార్య ఖాతాలో సొమ్ము పడెను. పుస్తకము మాత్రము నా బీరువాలో నా కాగితముల నడుమ ఉండెను. ఒకనాడు ఆమె దానిని అడిగెను. "నీకెందుకు? నేను చూచుకొంటున్నాను గదా" అంటిని.

"అత్తమ్మ రాగుల డబ్బాలో ఎంత ఉండేదో ఆమెకైనా తెలిసేది. మీ బీరువాలో ఎంత ఉందో నాకు తెలియదు" అని ఆమె మెల్లగా అనెను.

నేను మారు పలుకక పుస్తకము తీసి ఇచ్చితిని. ఇప్పుడామె తానే బ్యాంకునకు పోయి, వరుసలో నిలిచి, సంతకము చేసి వచ్చుచున్నది. దేనికి ఖర్చు చేసెనో నేనడుగను. చెప్పినప్పుడు వినుచున్నాను.

సోదరులారా, మీ యింటి స్త్రీల పేరిట ఖాతాలు ఉండియే యుండును. ఆ పుస్తకములు ఎవరి బీరువాలో ఉన్నవో నేటి సాయంకాలము ఒకసారి చూడుడు.