కాటుక పెట్టుకున్న కుర్రాళ్లు

కొరియా పాప్ కుర్రాళ్లు కళ్లకు కాటుక, పెదవులకు రంగు వేసుకుని, వేదిక మీద ఒకరి భుజాన ఒకరు వాలిపోతుంటే నాకు ముచ్చటేస్తుంది. మగవాడు సుకుమారంగానూ ఉండొచ్చని ఇంత ధైర్యంగా చూపించినవాళ్లు తక్కువ. కానీ ఆ స్వేచ్ఛ ఎంతవరకు? 2018లో హాలండ్ అనే గాయకుడు తాను గే అని దాచకుండానే రంగంలోకి వచ్చాడు. తొలి పాట ‘నెవర్‌ల్యాండ్’ వీడియోలో ఇద్దరబ్బాయిలు ముద్దు పెట్టుకుంటారు. దాన్ని 19 ఏళ్లు దాటినవాళ్లకే పరిమితం చేశారు. సరదాకి వాలితే చప్పట్లు, ప్రేమతో దగ్గరైతే ఆంక్షలు. ఈ తేడా నన్ను బాధిస్తుంది.

ఆడపిల్లల దారి ఇంకా ఇరుకు. అదే ఏడాది రెడ్ వెల్వెట్ బృందంలోని ఐరీన్ తాను ‘కిమ్ జీ-యంగ్, 1982లో పుట్టినది’ నవల చదివానని చెప్పింది. ఒక మామూలు ఇల్లాలు పుట్టినప్పటి నుంచీ ఎదుర్కొన్న వివక్ష కథ అది. అంతమాత్రానికే కొందరు మగ అభిమానులు ఆమె ఫొటోలు తగలబెట్టారు. పాడటానికీ నవ్వడానికీ పనికొచ్చిన అమ్మాయి, చదివితే నేరమెలా అయింది?

2025 ఏప్రిల్‌లో జస్ట్ బి బృందం సభ్యుడు బెయిన్, తాను ఎల్‌జీబీటీ సమాజంలో ఒకణ్ణని లాస్ ఏంజెలెస్ కచేరీలో గర్వంగా ప్రకటించాడు. అదే మాట సియోల్ వేదిక మీద ఒక అమ్మాయి నోట వినాలని నా కోరిక.