ఏనుగు మల్లమ్మకొండకు మోటారుసైకిలు ప్రయాణము

ప్రయాణమును గూర్చిన వ్యాసమనగానే కాశీరామేశ్వరముల ముచ్చట యుండునని మీరు తలంపవచ్చును. నేను వ్రాయబోవునది మాయింటికి సుమారు 30 కిలోమీటర్ల దూరమున నున్న యొక కొండను గూర్చియు, ఆ కొండకు మూడు ఆదివారములు మూడు మోటారుసైకిళ్లపై పోయివచ్చిన విధమును గూర్చియు మాత్రమే. ప్రయాణము చిన్నదే యైనను, దానివలన మాయింట నొక పెద్ద తగవు తీరినది. మీ యిండ్లలోను ఇట్టి తగవే యున్నయెడల ఉపయోగపడునని వ్రాయుచున్నాను.

మా కాపురము మదనపల్లెలో. సముద్రమట్టమునకు సుమారు 700 మీటర్ల యెత్తున నుండుటచే వేసవియందును రాత్రులు చల్లగా నుండు ఊరిది. 1919 లో రవీంద్రనాథ ఠాకూరుగారు ఇచటి దివ్యజ్ఞాన కళాశాలయందు విడిసి, జనగణమన గీతమును ఆంగ్లమున ననువదించిరి. ఆ సంగతిని ఊరివారు గర్వముతో చెప్పుకొందురు. పొరుగూళ్లవారు మాత్రము మమ్ము టమాటాలవలననే యెఱుగుదురు. ఊరికి వాయవ్యదిశగా నీలముగా కనబడునదే హార్స్‌లీకొండ. పందొమ్మిదవ శతాబ్దమున కడప కలెక్టరుగా నుండిన హార్స్‌లీదొర ఆ కొండపై వేసవివిడిది కట్టించుకొనుటచే ఆ పేరు వచ్చినది. అంతకు మున్ను దాని పేరు ఏనుగు మల్లమ్మకొండ. మల్లమ్మ యను బాలికను ఏనుగులు సాకినవని పెద్దలు కథ చెప్పుదురు. నాకు ఆ పేరే యింపుగా నుండును.

మావారు పట్టణమునకు 22 కిలోమీటర్ల దూరముననున్న యొక పల్లెలో ఉపాధ్యాయులు. పదునాలుగేండ్లు వారిని మోసిన 100 సి.సి. బండి ఈ వేసవికి ఓపిక వదలినది. బండి బాగుచేయు నతడు, "ఇంక దీనిమీద డబ్బు పెట్టవద్దు సార్" అని చేతులు తుడుచుకొనెను. క్రొత్తది కొనక తప్పదాయెను. ఏది కొనవలెనను చర్చ మొదలాయెను.

మావారికి విద్యార్థిదశనుండియు రాయల్ ఎన్‌ఫీల్డుపై మక్కువ. ఇంగ్లండున 1901 లోనే మోటారుసైకిలు చేసిన పేరది. 1955 లో మద్రాసున కంపెనీ యేర్పడిన పిమ్మట మనదేశపుదే యైపోయినది. "వారమున ఆరునాళ్లు బడికి, ఏడవనాడు కొండకు, రెంటికిని అదియే చాలును" అని వారి వాదము. మా అత్తగారు "పాతదానివంటిదే మరియొకటి తెచ్చుకొనుడు, పెట్రోలు కలిసివచ్చును" అనిరి. నన్నెవరును అడుగలేదు. అడుగకపోవుటకు కారణము కలదు. మూడేండ్లుగా నేను మోటారుసైకి లెక్కియుండలేదు.

ఆ కారణము చెప్పెదను. మూడేండ్ల క్రిందట ఒక పెండ్లినుండి తిరిగివచ్చుచుంటిమి. బండి వెనుకచక్రమునకు అడ్డముగా నుండు శారీగార్డు అంతకు ముందే విరిగి ఊడినది. రేపు వేయింత మెల్లుండి వేయింతమని మేమిద్దరమును వాయిదా వేసితిమి. నా పైటకొంగు గాలికి జారి ఆకులలో చిక్కినది. బండి నెమ్మదిగా పోవుచుండుటచే ప్రాణము దక్కినది గాని, భుజమునకును మెడకును నడుమనుండు ఎముక విరిగినది. మూడుమాసములు మా అత్తగారు నాకు తల దువ్విరి. ఎముక అతికినను భయము వదలలేదు. ఆటోలోనో బస్సులోనో పోవుటయే గాని బండి వెనుక కూర్చుండలేదు. మావారు రెండు మూడు ఆదివారములు ఒంటరిగా కొండకు పోయివచ్చిరి. పిదప పోవుట మానిరి. ఏమని నేనడుగలేదు, ఏమని వారు చెప్పలేదు.

బండి మాట వచ్చినప్పుడెల్ల నాకు నలోపాఖ్యానము తలపునకు వచ్చుచుండెను. ఋతుపర్ణ మహారాజు ఒక్కదినములో విదర్భకు చేరవలసివచ్చినపుడు, బాహుకుడను పేర నున్న నలుడు అశ్వశాలకు పోయి బక్కపలుచని గుఱ్ఱములను ఏరుకొనెను. ఇవేమి చేరవేయునని రాజు సంశయించెను. నలునికి మాత్రము వాని లక్షణములు తెలియును. ఆకారము చూచి గాక పనిచూచి వాహనము నెంచవలెనని మా నాయనగారు ఆ ఘట్టమును చదివించునపుడు చెప్పిరి. ఆ కథలోనే మరియొకటి కలదు. దారిలో రాజుగారి ఉత్తరీయము జారిపోయెను. ఆపుమనునప్పటికి అది యోజనము వెనుకబడియుండెను. రథములకును పైబట్టలకును ఆనాటినుండియు పొత్తు లేదు కాబోలు!

ఒకనాటి రాత్రి పిల్లలు నిద్రించిన పిమ్మట కాగితము ముందిడుకొని లెక్క వేసితిని. బడికి పోయిరాను 44 కిలోమీటర్లు. నెలకు 24 దినములకు 1056 కిలోమీటర్లు. లీటరునకు 60 కిలోమీటర్లిచ్చు 100 సి.సి. బండికి నెలకు పదునెనిమిది లీటర్లకు లోపు. 55 ఇచ్చు 125 సి.సి. బండికి పందొమ్మిదికి పైచిలుకు. 35 ఇచ్చు 350 సి.సి. బండికి ముప్పది. లీటరు 110 రూపాయల చొప్పున, నడిమిదానికిని పెద్దదానికిని నెలకు 1200 రూపాయల భేదము. ఒకటి రెండు నెలలకు ఇది లెక్కలోనిది కాదు. పదియేండ్లకు ఒక ఆడపిల్ల చదువు.

బరువు సంగతియు చూడవలెను. హీరో స్ప్లెండరు వంటి 100 సి.సి. బండి సుమారు 112 కిలోలు, ఎనిమిది గుఱ్ఱముల బలము. 125 తరగతివి కొంచె మెచ్చుతక్కువగా 115 నుండి 120 కిలోలు, పది పదునొకండు గుఱ్ఱముల బలము. రాయల్ ఎన్‌ఫీల్డు క్లాసిక్ 350 బరువు 195 కిలోలు, బలము ఇరువది గుఱ్ఱములు. కాగితముపై నీ యంకెలు నిర్జీవములు; వానికి ప్రాణము వచ్చునది కొండదారిలోనే. కావున మావారితో, "ఎరవు తెచ్చిన బండ్లపై కొండ యెక్కి చూతము. నేనును వచ్చెదను" అంటిని. వారు నన్ను నిదానించి చూచి, సరే యనిరి.

మొదటి ఆదివారము వారి మిత్రుడొకరు తమ 350 సి.సి. బండి నిచ్చిరి. చీరతో అడ్డముగా కూర్చుండి ఘాటుదారి యెక్కుట క్షేమము గాదని చుడీదారు ధరించి, రెండుకాళ్లు రెండువైపుల వేసి కూర్చుండుటకు సిద్ధపడితిని. అత్తగారేమందురోయని జంకితిని. వారు గడపలో నిలిచి, "పోయిన తూరి చీర కట్టుకొనే గదమ్మా పడితివి? ఈ తూరి ఇదే మేలు. కొంగులేని బట్టకు చిక్కెక్కడిది!" అనిరి. ఇద్దరమును హెల్మెట్లు పెట్టుకొంటిమి. వెనుక కూర్చుండువారికిని అది చట్టమున తప్పనిసరి.

కదిరిబాటలో అంగళ్లు దాటువఱకు నేను కన్నులు మూసికొనియే యుంటిని. టమాటా బుట్టలెత్తిన బండ్లు ప్రక్కనుండి పోవు ధ్వని వినబడినపుడెల్ల మావారి భుజమును గట్టిగా పట్టుకొంటిని. కొండదారి చీలిన పిదప కన్నులు తెఱచితిని. ఏమి చెప్పుదును! అంత బరువు బండి, ఇద్దరు మనుష్యులు, 560 మీటర్లకు పైబడిన యెక్కుడు. బండి ఆయాసపడనే లేదు. మలుపులలో గంభీరముగా ఒరగి మరల నిటారుగా నిలుచుచుండెను. క్రిందనుండి పొలములు చిన్న చిన్న చదరములై, చెఱువులు అద్దపుముక్కలై కనబడెను. పైకి పోవుకొలది గాలి చల్లబడి, నీలగిరిచెట్ల వాసన మొదలాయెను. మావారు పదునెనిమిదేండ్ల విద్యార్థివలె ఉన్నారు. ఆ ముఖము చూచి, లెక్క కాగితము చింపివేయుదమా యనిపించినది.

అంతలో నొక సంగతి జరిగినది. పైన వాలుగానున్న చోట, గోడకెదురుగా బండిని నిలిపితిమి. తిరిగి వెనుకకు తీయబోగా గులకఱాళ్లలో కదలదు. మావారు లాగుచు, నేను ముందునుండి నెట్టుచు చెమటలు క్రక్కితిమి. దారిన పోవు ఇద్దరు కుఱ్ఱవాండ్రు వచ్చి చేయి వేసినగాని బయటపడలేదు. మాయింటి గేటు ముందర వాలు ఇంతకంటె ఎక్కువ. మావారు ఊరలేనపుడు వానకు తడియకుండ బండిని లోపలికి నెట్టవలసినది నేను. ఈ మాట అప్పుడు పైకి అనలేదు. వారికిని తోచియే యుండును.

రెండవ ఆదివారము మా తమ్ముని 125 సి.సి. బండిపై పోతిమి. దీని కూర్చుండుపట్టె పొడవుగా, సమముగా నుండెను. వెనుక నున్నదానికి ముందుకు జారుట లేదు. ప్రక్కన పట్టుకొనుటకు పిడియు, చక్రమునకు గార్డును గట్టిగా నుండెను. ఘాటుదారిలో మాత్రము దీని బలమెంతయో తెలిసినది. నిట్రమైన మలుపులలో రెండవ గేరునకు దిగవలసివచ్చెను. వెనుకవచ్చు కార్లకు ఒదిగి దారి యిచ్చితిమి. మా పాత 100 సి.సి. బండివలె ఆగిపోవునట్లు రొప్పలేదు గాని, తొందరపెట్టిన వినదు. నెమ్మదిగా పోవుటచే గాలిహోరు తక్కువ. మూడేండ్ల తరువాత దారిపొడవున మాటలాడుకొనుచు పోతిమి. ఏ చెట్టు ఎక్కడ పూచినదో, పెద్దమ్మాయి గణితమున ఎందుకు వెనుకబడినదో, అన్నియు వచ్చినవి.

గాలిబండ యను చోట కూర్చుంటిమి. అచట గాలి నిలువనీయదు, పేరునకు తగినచోటు. చాలసేపటికి మావారు, "వెనుక కూర్చుండి నీకు ఏ బండిమీద భయము లేకుండెను?" అని యడిగిరి. పదునాలుగేండ్లలో నన్నిట్లడుగుట అదే మొదలు. ఉన్నది ఉన్నట్లు చెప్పితిని. "పెద్దబండి కుదుపు లేనిది; బ్రేకులును దానివే మేలు. 2019 ఏప్రిలు నుండి 125 సి.సి.కి మించిన క్రొత్తబండ్ల కన్నిటికిని చక్రము బిగిసికొనకుండ చేయు ఏ.బి.యస్. పెట్టవలెనని చట్టము చేసిరి; అంతకు లోపలివానికి, ఒక బ్రేకు పట్టిన రెండు చక్రములకును పట్టు జోడుబ్రేకుతో సరిపెట్టిరి. కాని దీనిమీద నా కాళ్లు నేలకు అందుచున్నవి. పడిపోవునేమో యన్నపుడు నేనును కాలాన్చగలను. మీ చిరకాలపు కోరికను చంపుకొనుమని నేననను. రెండేండ్లు ఆగి కొనవలెనన్నను సమ్మతమే."

వారు నవ్వి, "పెద్దబండి ఆదివారమునకు బాగున్నది. వానకాలమున మా బడిదారి బురదలో ఆరునాళ్లు దాని నీడ్చువాడను నేనే గదా" అనిరి. మిత్రుని బండి నప్పుడప్పుడు అడిగి తెచ్చుకొందుననియు అనిరి. ఆ కోరిక పోయినదని నేననుకొనను; ఇంటిలో దానికొక చోటు ఉండనిచ్చితిమి.

కొనుటకు పోయినపుడు నేనును పోతిని. అంగడివాడు ఇంజను గుణములు మావారికే చెప్పుచుండెను. నేను మధ్యస్టాండు వేసి, తీసి, పదియడుగులు నెట్టి చూచితిని. వెనుక కూర్చుండి కాళ్లు పెట్టు చోటు అందునో లేదో చూచితిని. శారీగార్డు, పట్టుకొనుటకు పిడి, కాలు మోపు చోటు, ఈ మూడును వెనుక కూర్చుండువారికై 1989 నాటి కేంద్ర మోటారువాహన నియమములలోనే విధింపబడినవి. అలంకారమునకు అడ్డమని గార్డును తీసివేయుమన్న, తీయకుడు. ఇద్దరు పోవునపుడు వెనుకచక్రమున గాలి కొంచె మెక్కువగా నింపవలెను. ఎంతయో బండిమీదనే వ్రాసియుండును. కొండ దిగునపుడు ఏ గేరులో నెక్కితిమో ఆ గేరులోనే దిగుట మేలు. ఇంజనే వేగమును పట్టి నిలుపును, బ్రేకులు కాగిపోవు.

మూడవ ఆదివారము మా సొంత 125 సి.సి. బండికి పసుపు కుంకుమలు పెట్టి, అత్తగారు నిమ్మకాయ త్రొక్కించిరి. ఎక్కబోవుచు నా చేయి తనంతట తానే చక్రపు గార్డును తాకి చూచినది, గట్టిగానే యున్నది. మావారు నేను సరిగా కూర్చుండువఱకు వేచియుండి, "కూర్చుంటివా?" అని యడిగి, నేను ఊఁ యన్న పిదపనే క్లచ్చి వదలిరి. అంగళ్లు దాటువఱకును కన్నులు తెఱచియే యుంటిని.

అక్కలారా, చెల్లెండ్రారా! మీ యింట బండి కొనునపుడు మీరును వెంటపోవుడు. ముందు కూర్చుండువారు నడపి చూతురు. వెనుక మీరు కూర్చుండి చూడుడు. అడుగకున్నను మీ మాట చెప్పుడు.